నాలుగు వేళ్ళ ఎడం

ఆ శనివారం ఉదయం హిల్కా పెట్టుకున్న పని ఒక్కటే. ఎనభై యాలకుల బన్నులు చేసి, పదింటికల్లా ఊరి షూటింగ్ క్లబ్బు కాఫీ గదికి చేర్చాలి. నాలుగింటికే లేచి పిండి కలిపింది. పిండి పొంగదేమోనని భయపడింది. పొంగింది. పొయ్యిలో మాడిపోతాయేమోనని భయపడింది. మాడలేదు. ఇక భయపడటానికి ఏమీ దొరక్క, ఎనభై బన్నులూ మిగిలిపోతే ఏం చేయాలా అని భయపడుతూ కిటికీ దగ్గర నిలబడింది.

అసలు భయం బన్నుల గురించి కాదు. కూతురు సెల్మాకి ఇరవై ఆరేళ్ళు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి పట్నంలో కంటి పరీక్షకి వెళ్ళాలి. రైలు డ్రైవరు శిక్షణకి ఉన్నవి పదహారు సీట్లు. రెండేళ్ళు ఎదురుచూస్తే ఈసారి సెల్మాకి పదహారోది దొరికింది. కళ్ళు బాగున్నాయని డాక్టరు రాసిస్తే మంగళవారం నుంచే పాఠాలు. పిల్ల రైలు నడపడమే హిల్కాకి ఇష్టం లేదు. పట్టాల మీదికి దుప్పులు వస్తాయి, మంచు కురుస్తుంది, చీకట్లో ఒక్కత్తే ఉంటుంది. కానీ సీటు వచ్చిందన్న ఉత్తరం చదివి సెల్మా వంటగదిలో గిరగిరా తిరిగిన తిరుగుడు చూశాక ఆ మాట పైకి అనలేకపోయింది. అంత ముఖ్యమైన కళ్ళు పెట్టుకుని ఈ పిల్ల శనివారం నాడు వాళ్ళ నాన్న రైఫిల్ కాలుస్తానంటోంది.

ఆ రైఫిల్ పాతకాలపు సైన్యానిది. మీద దుర్భిణి బిగించి ఉంటుంది. హిల్కా భర్త ఓలవి పోయి నాలుగేళ్ళయింది. అప్పటి నుంచి ఏటా ఆగస్టు చివరి శనివారం క్లబ్బులో ఉన్న వాళ్ళంతా అదే రైఫిల్‌తో, ఒకరి తర్వాత ఒకరు, తలా ఐదు గుళ్ళు కాలుస్తారు. ఎక్కువ మార్కులొచ్చిన వాళ్ళింటికి ఓలవి సొట్టల కాఫీ కెటిల్ ఏడాదిపాటు వెళుతుంది. అది ఎందుకు మొదలుపెట్టారో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆ ఊళ్ళో అలాంటివి చెప్పుకోరు. బస్సు కోసం నిలబడ్డా మనిషికీ మనిషికీ మధ్య ఆవును కట్టేసేంత జాగా వదిలే ఊరు అది.

ఓలవి బతికున్నప్పుడు కూతురికి నేర్పిన పాఠం హిల్కాకి కూడా కంఠతా వచ్చు. "పడుకుని కాల్చేటప్పుడు తలకాయ తనంతట తనే ముందుకి పాకుతుంది. పాకనివ్వకు. రైఫిల్ మడమని భుజానికి గట్టిగా అదుము. మెడ చాచకు. కన్నుకీ అద్దానికీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉండాలి. ఎడం తగ్గిందా, రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు ఆ ఇనుప అంచు వచ్చి నీ మొహాన ముద్దు పెడుతుంది." ఓలవి అది నవ్వుతూ చెప్పేవాడు. హిల్కా మాత్రం ఊడిపడిన కనుగుడ్డునే ఊహించుకునేది.

"అమ్మా, ఒక్కటి అడుగుతా," అంది సెల్మా, వేడి బన్ను ఊదుకుంటూ. "ఇవాళ ఒక్కరోజు నాకేం చెప్పకు. అక్కడికొచ్చి 'కన్నే, జాగ్రత్తే' అని అరవకు. పోయినేడు నేను గురి పెట్టుకుని పడుకుంటే వచ్చి మెడకి మఫ్లర్ చుట్టావు. ఆగస్టులో!"

"గాలి కొడుతోంది కదే మరి."

"మాటివ్వు."

"ఇచ్చాను పో. నీతో కన్ను గురించి ఒక్క ముక్క మాట్లాడితే నన్నడుగు."

"నాకే కాదు. తౌనో మామయ్యకీ చెప్పకూడదు, పెన్నానెన్‌కీ చెప్పకూడదు."

"వాళ్ళకీ చెప్పను. నోటికి తాళం. సరేనా?"

సెల్మా అనుమానంగా చూసింది. అమ్మ అంత తొందరగా ఒప్పుకోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

అనుమానించాల్సిందే. హిల్కా నోటితో పని లేకుండా వారం క్రితమే పని ముగించింది. ఓలవి బల్ల సొరుగులో దుర్భిణి తోలు మూత ఉంది. దాని కొలత తీసుకుని, ఓలవికి అల్లుతూ అల్లుతూ సగంలో ఆపేసిన స్వెట్టర్ తాలూకు బూడిదరంగు ఉన్నితో, రెండు వేళ్ళ మందాన ఒక తొడుగు అల్లింది. వేడినీళ్ళలో ఉడికించి గట్టిపరిచింది. అప్పడాల కర్రకి తొడిగి తన కనుబొమ్మ మీద తనే మూడుసార్లు కొట్టుకుని చూసింది. నొప్పి లేదు. అంటే, తను కొట్టుకున్నంత మెల్లగా రైఫిల్ కూడా కొడితే నొప్పి ఉండదు.

సెల్మా రైఫిల్‌ని ఇనుప బీరువాలోంచి తీసి పెట్టెలో పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. ఆ ఐదు నిమిషాల్లో హిల్కా పెట్టె తెరిచి, దుర్భిణికి కన్ను ఆనించే వైపు ఉన్ని తొడుగు ఎక్కించి, పెట్టె మూసేసి, బన్నుల దగ్గరికొచ్చి ఏమీ ఎరగనట్టు నిలబడింది. ఆ వారంలో మొదటిసారి ఆమెకి గుండె తేలికపడింది.

క్లబ్బు దగ్గర పెద్దాయన తౌనో. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, రోజుకి డెబ్భై నాలుగు మాటలకి మించి మాట్లాడడు. రైఫిల్ పెట్టె ఆయనకి ఇవ్వడం, ఆయనే దాన్ని కాల్చే చాప దగ్గర సర్దడం పద్ధతి. సెల్మాకి ఆ రోజు ముందు వేరే పని పడింది. లక్ష్యం కింద కందకంలో కూర్చుని, గుండు ఎక్కడ తగిలిందో పొడుగాటి కర్రతో చూపించాలి. తన వంతు చివరన. పెట్టె తౌనోకిచ్చేసి, నూట యాభై మీటర్లు నడిచి కందకంలోకి దిగిపోయింది. హిల్కా కాఫీ గదిలో ఉంది. అది గుట్ట వెనక ఉన్న దుంగల ఇల్లు. అక్కడి నుంచి చప్పుడు వినపడుతుంది తప్ప ఏమీ కనపడదు.

తౌనో పెట్టె తెరిచాడు. దుర్భిణి వెనక మెత్తటి తొడుగు కనపడింది. పిల్ల కొత్తగా ఏదో పెట్టింది కాబోలు అనుకున్నాడు. పిల్ల కందకంలో ఉంది. అడగాలంటే కేక పెట్టాలి. కేక పెట్టే అలవాటు లేదు. పైగా ఆ తాలూకా మగవాళ్ళంతా సైన్యంలో ఫిరంగి దళంలోనే పనిచేశారు. ఫిరంగి గురి చూసే గొట్టానికి వెనకాల ఇలాంటి మెత్తటి రబ్బరు దొన్నె ఉంటుంది. దానికి కన్ను బాగా అదిమిపెట్టి చూడాలి. ఫిరంగి వెనక్కి తన్నినా ఆ గొట్టం కదలదు. యాభై ఏళ్ళ కిందటి అలవాటు ఒంట్లోంచి లేచొచ్చింది. తౌనో పడుకుని, హాయిగా, దిండు మీద తల పెట్టినట్టు తొడుగు మీద కన్ను ఆనించి, ట్రిగ్గర్ నొక్కాడు.

గుండు నట్టనడుమ తగిలింది. దుర్భిణి తౌనోకి తగిలింది. ఉన్ని మెత్తగానే ఉంది. దాని వెనక ఇనుము ఇనుములాగే ఉంది.

తౌనో ఒక్క నిమిషం ఆకాశం చూశాడు. తర్వాత మిగతా నాలుగు గుళ్ళూ కన్ను దూరంగా పెట్టి, ప్రతిసారీ ముందే కన్ను మూసుకుని కాల్చాడు. ఒకటి గట్టుకి తగిలింది. లేచి, టోపీ కనుబొమ్మ మీదికి లాక్కున్నాడు. తర్వాతి వంతు తపాలా పంచే రౌనీది. నియమం ఆమెకి తెలుసు గానీ, మెత్తటి తొడుగు చూస్తే ఆమె కూడా కన్ను ఆనిస్తుంది. చెప్పొచ్చు. కానీ ఏమని చెప్పాలి? నలభై ఏళ్ళుగా ఊరందరికీ నాలుగు వేళ్ళు, నాలుగు వేళ్ళు అని నేర్పింది తనే.

"ఎలా ఉంది?" అని అడిగింది రౌనీ.

"బానే ఉంది," అన్నాడు తౌనో.

కాసేపటికి రౌనీ లేచి, జుట్టు నుదుటి మీదికి దువ్వుకుంది. తర్వాతి మనిషి కొట్టు నడిపే పెన్నానెన్. "ఎలా ఉంది?" అని అతనూ అడిగాడు. "మెత్తగా ఉంది," అంది రౌనీ. అది అబద్ధం కాదు.

కందకంలో సెల్మాకి అర్థం కాలేదు. ప్రతివాళ్ళ మొదటి గుండూ నడిమధ్యన పడుతోంది, తర్వాతి నాలుగూ నాలుగు దిక్కులకి పోతున్నాయి. ఒక గుండు లక్ష్యాల అంకె పలకకి తగిలి, ఏడు కాస్తా ఒకటిలా మారింది.

కాఫీ గదికి ముందుగా తౌనో వచ్చాడు. టోపీ తీయలేదు. కప్పు అందిస్తూ హిల్కా కిందినుంచి చూసింది. కుడి కనుబొమ్మ మీద నెలవంకలా కోసుకుపోయి ఉంది.

"అయ్యో, తౌనో గారూ! ఏంటది?"

"కొమ్మ."

"షూటింగ్ మైదానంలో కొమ్మ ఎక్కడిదండీ?"

తౌనో చాలాసేపు ఆలోచించాడు. "వస్తూంటే దారిలో," అన్నాడు.

తర్వాత రౌనీ వచ్చింది. అదే కనుబొమ్మ, అదే నెలవంక. "తపాలా పెట్టె మూత ఎగిరి తగిలింది," అంది. ఇవాళ శనివారం, తపాలా లేదు కదా అనబోయి హిల్కా ఆగింది. దుర్భిణి అయ్యుండదు. దానికి తన తొడుగు ఉంది. అప్పడాల కర్రతో మూడుసార్లు చూసుకుంది. మరేంటి? ఎవరో కొడుతున్నారు. ఇద్దరికీ ఒకే చోట పడిందంటే కొట్టింది ఒకే చెయ్యి. ఆ చేతికి పెద్ద ఉంగరం ఉండాలి. ఊళ్ళో అంత ఉంగరం పెన్నానెన్‌కే ఉంది. పోయిన చలికాలం మంచు తోడే బండి విషయంలో తౌనోతో మాట పట్టింపు కూడా వచ్చింది. ఎనిమిది నెలలుగా ఒకరినొకరు చూసి తల ఊపుకోవడం మానేశారు. మామూలు రోజుల్లోనూ అంతకుమించి మాట్లాడుకునేవాళ్ళు కాదు గానీ, తల ఊపడం వేరు.

అప్పుడు పెన్నానెన్ లోపలికొచ్చాడు. కన్ను వాచి, నెలవంక తెగి, జేబురుమాలు అడ్డంపెట్టుకుని.

"నీకు కూడానా!" అని అరిచింది హిల్కా.

"కారు డిక్కీ," అన్నాడు పెన్నానెన్. "ఓ బన్ను ఇలా ఇవ్వు. కాదులే, వద్దులే. సరే, ఇవ్వు."

అతని వెనకే హకాలా అన్నదమ్ములిద్దరూ దిగారు. ఇద్దరికీ నెలవంకలే. ఒకరు చేప గాలం అన్నారు, ఒకరు ఆవిరి స్నానం గది తలుపు అన్నారు. ఐదుగురూ ఒకే బల్ల ముందు, తలో మూల కూర్చుని, ఎవరి కనుబొమ్మ వైపూ ఎవరూ చూడకుండా కాఫీ తాగుతున్నారు. మైదానంలో మిగిలింది ఇక సెల్మా. ఆ కొట్టేవాడెవడో ఐదుగురిని పూర్తి చేశాడు. ఆరో మనిషి తన పిల్ల. సోమవారం కంటి పరీక్ష ఉన్న పిల్ల.

హిల్కా మాట తప్పే మనిషి కాదు. సెల్మాతో మాట్లాడనంది, తౌనోతో, పెన్నానెన్‌తో కన్ను గురించి మాట్లాడనంది. పోలీసులతో మాట్లాడనని ఎవరికీ మాటివ్వలేదు. వెనక తలుపులోంచి బయటికెళ్ళి, కట్టెల పేర్పు చాటున నిలబడి అత్యవసర నంబరుకి ఫోన్ చేసింది.

"చెప్పండమ్మా, ఏం జరిగింది?"

"ఐదుగురికి దెబ్బలు తగిలాయండీ. షూటింగ్ మైదానంలో."

"దెబ్బలు ఎక్కడ తగిలాయి?"

"తలకేనండీ. అందరికీ తలకే. ఒకే చోట."

"ఎవరు కొట్టారో తెలుసా?"

"తెలీదండీ. ఎవరూ చెప్పట్లేదు. భయపడుతున్నారు."

"అక్కడ తుపాకులున్నాయా?"

"షూటింగ్ మైదానం కదండీ, ఉండవా మరి."

"కాల్పులు ఆగాయా?"

హిల్కా చెవి ఒగ్గింది. గుట్ట అవతల నుంచి ఢాం అని వినపడింది. "లేదండీ," అంది ఏడుపు గొంతుతో, "ఇంకా కాలుస్తూనే ఉన్నారు. అక్కడ మా అమ్మాయి ఒక్కత్తే ఉంది!"

ఆ ఢాం సెల్మాదే. తౌనో ఒక్క గుక్కలో కప్పు ఖాళీ చేసి, గబగబా తిరిగొచ్చి పచ్చజెండా ఊపేసరికి ఆమె కందకంలోంచి వచ్చి చాప దగ్గర కూర్చుంది. రైఫిల్ చేతిలోకి తీసుకుంది. తొడుగు చూసింది. వేలితో ఒత్తి చూసింది. నాన్న స్వెట్టర్ ఉన్ని అది. ఆ రంగు ఇంట్లో ఇంకెక్కడా లేదు.

"ఇదేంటి మామయ్యా?"

"నీదనుకున్నాం."

సెల్మా తలెత్తి ఆయన టోపీ కింద చూసింది. "మీ కనుబొమ్మ?"

"కొమ్మ," అన్నాడు తౌనో, సరస్సు వైపు చూస్తూ.

సెల్మా నవ్వలేదు. తొడుగు ఊడదీసి, మడత పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుంది. పడుకుని, మడమ భుజానికి అదిమి, మెడ వదులు చేసి, కన్నుకీ అద్దానికీ మధ్య నాలుగు వేళ్ళు పెట్టి చూసుకుంది. కందకంలో ఇప్పుడెవరూ లేరు కాబట్టి, గుండు గుండుకీ తౌనో నడిచి వెళ్ళి చూసొచ్చాడు. ఒకటి పేల్చింది. పది. రెండోది పది. మూడోది పది. నాలుగోది పది. కనుబొమ్మ మీద గీత కూడా పడలేదు. ఐదో గుండు లోపలికి తోసి, ఊపిరి సగం వదిలి ఆపింది. ఆ ఊపిరి ఆగిన చోట సైరన్ మోగింది.

ఒకటి కాదు. అడవి దారంతా సైరన్లే. నాలుగు పోలీసు బళ్ళు, రెండు అంబులెన్సులు. సరస్సు మీద హెలికాప్టర్, దాని గాలికి బాతులన్నీ రెల్లులోకి. తౌనో ఈల ఊది ఎర్రజెండా ఎత్తాడు. సెల్మా బోల్టు వెనక్కి లాగి, గుండు బయటికి తీసి, రైఫిల్ కింద పెట్టి, లేచి నిలబడింది. అన్నీ పద్ధతి ప్రకారమే చేసింది.

గుట్ట మీదినుంచి, పిండి అంటిన ముందుగుడ్డతో, హిల్కా దిగింది. అరవై ఏళ్ళ మనిషి అంత వేగంగా పరిగెత్తగలదని ఆమెకే తెలీదు. "నా తల్లే, నా కన్నే!" అంటూ వచ్చి, ఆగకుండా, కూతుర్ని ఒక్క పెట్టున కావలించుకుంది. హిల్కా కళ్ళజోడు పాతది, గట్టి ఇనుప చట్రం. అది సరిగ్గా సెల్మా కుడి కనుబొమ్మకి తగిలింది.

"అబ్బా!" అంది సెల్మా. ఆ రోజు ఆ మైదానంలో నొప్పిని పైకి చెప్పిన మొదటి మనిషి ఆమే.

తర్వాత పోలీసు అధికారి కాఫీ గదిలో నోటు పుస్తకం తెరిచాడు. ఎదురుగా ఆరుగురు, ఆరు నెలవంకలు.

"ఎవరు కొట్టారు?"

కొమ్మ, తపాలా పెట్టె, కారు డిక్కీ, చేప గాలం, తలుపు. అధికారి అన్నీ రాసుకున్నాడు. సెల్మా జేబులోంచి ఉన్ని తొడుగు తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ఎండిన రక్తం ఐదు చోట్ల ఉంది. "ఇదెవరిది?" అన్నాడు అధికారి.

తొడుగు చూడగానే ఐదుగురికీ ఎవరి అల్లికో అర్థమైపోయింది. ఊళ్ళో సగం మంది కాళ్ళకున్నవి ఆమె అల్లిన మేజోళ్ళే. ఐదుగురూ కలిసి కిటికీలోంచి సరస్సు చూశారు. ఎంతసేపైనా అలా చూస్తూ కూర్చోగలరు. అధికారికీ ఆ సంగతి తెలుసు, అతనూ ఆ తాలూకా వాడే.

కాఫీ పోస్తున్న హిల్కా కూజా బల్ల మీద పెట్టేసింది. ఇన్నేళ్ళుగా ఆమె ఊహించిన ఘోరాల్లో, ఆ ఘోరం చేసేది తనే కావడం ఒక్కసారీ లేదు.

"నేనే అల్లాను బాబూ," అంది. "దెబ్బ తగలకూడదనే అల్లాను. వీళ్ళందరినీ కొట్టింది నేనే అనుకో. రాసుకో."

అప్పుడు తౌనో గొంతు సవరించుకున్నాడు.

"ఉన్ని మంచిదే," అన్నాడు.

"చాలా మంచిది," అన్నాడు పెన్నానెన్, తౌనో వైపు చూసి, తల ఊపాడు. తౌనో కూడా ఊపాడు. ఎనిమిది నెలల తర్వాత.

పోలీసులు పన్నెండు మందీ, అంబులెన్సుల వాళ్ళూ, హెలికాప్టర్ దిగొచ్చిన ఇద్దరూ తలా రెండుసార్లు వద్దని, మూడోసారి కాఫీకి కూర్చున్నారు. బన్నులు చాల్లేదు. కెటిల్ సెల్మాకే వచ్చింది. నాలుగు గుళ్ళకి నలభై మార్కులు. మిగతా వాళ్ళలో ఐదు గుళ్ళకి ఇరవై మూడు దాటిన వాళ్ళు లేరు.

ఆదివారానికి సెల్మా కుడి కన్ను వాచి పూర్తిగా మూసుకుపోయింది. ఫ్రీజర్‌లోంచి తీసిన అడవి పండ్ల సంచి కంటి మీద పెట్టుకుని సెల్మా కెటిల్ ముందు కూర్చుంది. హిల్కా పది నిమిషాలకోసారి వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళింది. సోమవారం డాక్టరు రెప్ప తెరవడానికి ప్రయత్నించి, వీల్లేదన్నాడు. పదహారో సీటు జాబితాలో తర్వాతి అబ్బాయికి వెళ్ళింది. వచ్చే ఏడాది మళ్ళీ రాయమన్నారు.

రైలు వద్దని లోపల్లోపల ఎన్నిసార్లు కోరుకుందో హిల్కాకే తెలుసు. కోరుకున్నది దొరికింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తిట్టవే," అంది మంగళవారం సాయంత్రం. "నాలుగు తిట్లు తిడితే నాకు నిద్ర పడుతుంది."

"తిట్టి ఏం లాభం అమ్మా. నువ్వు నోరు మూసుకుంటానన్నావు, మూసుకున్నావు. చేతులకి కూడా మాట అడగడం నేనే మర్చిపోయా."

"ఒక్క మాట నీతో చెప్పుంటే సరిపోయేది. తొడుగు పెట్టానే అని."

"చెప్పుంటే తీసేసేదాన్ని."

"అందుకే చెప్పలేదు," అంది హిల్కా, చిన్నగా.

గురువారం శిక్షణ సంస్థ నుంచి కాగితం వచ్చింది. పరీక్ష పూర్తి చేయలేకపోయిన వాళ్ళు కారణం రాసి పంపాలి, వచ్చే ఏడాది దరఖాస్తుకి అది పనికొస్తుంది. సెల్మా వంటగది బల్ల దగ్గర, ఒక కన్నుతో, మెల్లగా నింపింది. హిల్కా కూతురి భుజం మీదినుంచి వంగి, ఊపిరి తగిలేంత దగ్గరగా, చదివింది.

గాయానికి కారణం అన్న చోట సెల్మా ఇలా రాసింది: తగినంత దూరం పాటించకపోవడం.

హిల్కా వెళ్ళి కుర్చీ తెచ్చుకుని, బల్లకి అవతలి వైపు వేసుకుని కూర్చుంది. కాసేపాగి, దాన్ని ఇంకో నాలుగు వేళ్ళు వెనక్కి జరుపుకుంది.